రెండో గొంతు

ప్రెస్సు మీద గది,
సోమవారం, మధ్యాహ్నం యంత్రం ఆగిన వేళ.

అక్కా,

కుశలాలు తర్వాత. ముందు ఒక్క మాట చెప్పు. ఏరు పాట నీకు వచ్చా?

నవ్వకు. రాగానికి జతగా, వేరే స్వరాల్లో మనం పాడే రెండో గొంతు సంగతి కాదు. పాట సంగతి. రాగం. వీధిలో పోయే ఎవణ్ణి ఆపి అడిగినా కూనిరాగం తీసి వినిపించేది. అది నీకు మొదట్నుంచి చివరిదాకా వచ్చా? గుండె మీద చెయ్యేసుకుని చెప్పు. నాకు రాదు. రాదని ఇరవై రెండేళ్ళొచ్చాక, మొన్న శనివారం, పదకొండు మంది ముందు తెలిసింది.

మా ఫోర్‌మన్ పని మానేశాడు. ముప్పై ఏళ్ళు సీసం అక్షరాలు పేర్చి పేర్చి వేళ్ళు నల్లబడిపోయిన మనిషి. ఆయన్ని సాగనంపడానికి యంత్రాలు ఆపి, పాత ప్రూఫు కాగితాలు నేల మీద పరిచి అందరం కూర్చున్నాం. "నువ్వు చర్చిలో పెరిగినవాడివటగా, ఒకటందుకో" అన్నారు. అందుకున్నాను. కళ్ళు మూసుకుని, "ఏటి ఒడ్డున నిలిచానయ్యా" అని రెండు చరణాలు లాగించాను. బాగా పాడాననే అనుకున్నాను అక్కా! కళ్ళు తెరిస్తే ఒక్కొక్కడి మొహం అన్నంలో రాయి తగిలినట్టుంది.

"ఏం పాటరా అది?" అన్నాడు బైండరు.

"ఏరు పాట."

"మాటలు అవే. పాట ఏదిరా మరి?"

అని తను అందుకున్నాడు. వాడిది ఇంకో ఊరి చర్చి. రాగం అలా పైకి లేచి, వంపు తిరిగి, మళ్ళీ గూటికి చేరింది. నాకు తెలియని రాగం కాదది. పదేళ్ళు ప్రతి ఆదివారం నా తల మీద నుంచి పోయింది. నా గొంతులోంచి ఒక్కసారి కూడా పోలేదు. ట్రెడిల్ అచ్చుయంత్రం నడిపేవాడు మోకాలి మీద తాళం వేస్తూ అన్నాడు: "నువ్వు పాడింది పెళ్ళికొడుకు లేని పెళ్ళిలా ఉందిరా!" అందరూ పడీ పడీ నవ్వారు. ఫోర్‌మన్ కూడా. నేనూ నవ్వాను. పైకి వచ్చి తలుపేసుకున్నాక ఒళ్ళంతా మంట పుట్టింది.

ఆలోచించి చూడు. మన చర్చిలో ముందు నాలుగు బెంచీలూ ఎవరివి? పెంకుల కార్ఖానా యజమాని, ఆయన చుట్టాలు, గిడ్డంగివాళ్ళు, కొట్లవాళ్ళు. వాళ్ళకి రాగం. ఆ వెనక తొమ్మిది బెంచీలూ కార్ఖానాలో చేసేవాళ్ళం. ఆడవాళ్ళకీ పిల్లలకీ రెండో గొంతు, మగపిల్లలకి గొంతు మారాక మూడోది (నేను అంతకు ముందే ఊరు వదిలాను), నాన్నలాంటి వాళ్ళకి కింది గొంతు. ఎవరు పంచారు ఇలా? పాటలు నేర్పే కడ్డీ మాస్టారు. కొడితే స్వరం పలికే ఆ శ్రుతి కడ్డీ మోకాలికి కొట్టి చెవి దగ్గర పెట్టుకుని, మనుషుల్ని పెంకుల్లా వరసలు పేర్చాడు. మట్టి తొక్కేది మనం, కప్పు కింద కూర్చునేది వాళ్ళు. కార్ఖానాలోనే కాదు అక్కా, దేవుడి ఎదుట కూడా! మనకి పాట ఇవ్వలేదు. పాట పక్కన నడవడం ఇచ్చారు.

నాకు ఎనిమిదేళ్ళప్పటి సంగతి గుర్తుందా? ఒక ఆదివారం నా గొంతు దానంతటదే రాగంలోకి ఎక్కింది. ఎంత హాయిగా ఉందో ఇప్పటికీ గుర్తు. మాస్టారు పాట ఆపించాడు. మన బెంచీ దాకా నడిచొచ్చి, ఆ చల్లటి కడ్డీ నా పెదాలకి ఆనించి, "బయట" అన్నాడు. ఒక్క మాట. గుమ్మం దగ్గర చెప్పుల మధ్య నిలబడ్డాను ఆరాధన అయ్యేదాకా. అదేమిటో ఇప్పుడర్థమైంది. అది శిక్ష కాదు, హద్దు.

వెంటనే రాయి.

నీ తమ్ముడు


కార్ఖానా, ఎండబెట్టే షెడ్డు,
శుక్రవారం.

అగ్గిపుల్లకి,

నీ ఉత్తరం విప్పగానే చెయ్యి కాలింది. నాన్నకి చదివి వినిపించాను, నాలుగు ముక్కలు మింగేసి. "వాడు అన్నం తింటున్నాడా?" అన్నాడు. అంతే ఆయన వ్యాఖ్యానం.

పదకొండు మంది ముందు నువ్వు రెండో గొంతు ఒంటరిగా పాడటం తలుచుకుని షెడ్డులో ఒక్కదాన్నే పగలబడి నవ్వాను. పక్కన పెంకులు తట్టే పిన్ని "దీనికి ఎండదెబ్బ తగిలింది" అంది. ఎవరైనా ఒక్క కాలి చెప్పు వేసుకుని ఊరేగుతారట్రా?

నీ ప్రశ్నకి జవాబు: వచ్చు. ఏరు పాట రాగం నాకు తొమ్మిదేళ్ళకే వచ్చు. విని నేర్చుకున్నాను. నువ్వు కొత్తగా కనిపెట్టిన హద్దు నేను చిన్నప్పుడే చూశాను నాయనా, కాకపోతే నాకు మీ ప్రెస్సులో అచ్చయ్యే చిన్న పుస్తకాలు చదివే తీరిక లేదు. రోజుకి పెంకులు వెయ్యి తట్టాలి. వేలి ముడితో కొడితే ఖంగుమన్నది మంచిది, డొక్కుగా పలికింది పగులు. చిన్నప్పుడు నీ బుర్ర కూడా అలాగే తట్టేదాన్ని, "మంచిదే, బట్టీలోంచి తియ్యొచ్చు" అని. ఇప్పుడు నీ ఉత్తరం తట్టి చూశాను. ఖంగుమంటోంది గానీ లోపల ఎక్కడో సన్నగా పగులుంది.

ఆ ఆదివారం సంగతి నీకు తెలిసింది సగమే. మిగతా సగం ఇప్పుడొద్దు.

ఇక్కడి కబురొకటి. చెప్పకపోతే తర్వాత తెలిసి నన్ను తింటావు, చెబితే ఇప్పుడే తింటావు. చర్చికి యాభై ఏళ్ళు నిండుతున్నాయి. వచ్చే నెల మూడో ఆదివారం పెద్ద ఆరాధన. పట్నం నుంచి ఒకాయన పెట్టె తెచ్చి ఏరు పాట క్యాసెట్టుకి ఎక్కిస్తాడట. నాలుగు మైకులు, నాలుగూ ముందు బెంచీలకే. "వెనకనుంచి గోల పడకూడదు" అన్నాడట ఆయన. కాబట్టి ఆ ఒక్క పాటకి వెనక బెంచీలు నోరు మూసుకుని మనసులో ప్రార్థించుకోవాలని సంఘ పెద్దల తీర్మానం. పాస్టరుగారు చదివి వినిపించారు. మాస్టారు పక్కనే నిలబడి తన బూట్ల వంక చూసుకున్నాడు. ఆయనకి చేతులు వణుకుతున్నాయి ఈ మధ్య. కడ్డీ మోకాలికి కొట్టబోతే కుర్చీకి తగులుతోంది.

నాన్న ఒక్కసారి దగ్గాడు.

నువ్వు మాత్రం ఇందులో తల దూర్చకు. నాన్న ఇంకా బట్టీ దగ్గర మంట చూసే మనిషే. అర్థమైందనుకుంటాను.

అక్క


ప్రెస్సు మీద గది,
మంగళవారం, పొద్దున్నే.

అక్కా,

గోలా? మనది గోలా?

నాన్న కింది గొంతు గోల! బట్టీ పొగకి బొంగురుపోయినా ఒక్క మెట్టు జారని ఆ గొంతు! పిన్ని గొంతు గోల! నీది గోల! యాభై ఏళ్ళు ఆ కప్పు కింద ఎవరి ఊపిరి నిండిందో వాళ్ళే ఇప్పుడు నోరు మూసుకుని "మనసులో" పాడుకోవాలి! నాన్న దగ్గాడా? ఒక్క దగ్గు? బట్టీ దగ్గర మంట చూసే మనిషికి తన కడుపులో మంట కనపడదా?

తల దూర్చకు అన్నావు. దూర్చేశాను. ఈ ఉత్తరంతో పాటు వచ్చే కట్టలో రెండు వందల కరపత్రాలున్నాయి. పని అయ్యాక నేనే అక్షరాలు పేర్చాను, నేనే ట్రెడిల్ తొక్కాను. పైన "పాట ఎవరిది?" అని లావుపాటి అక్షరాలు. కింద పదహారు వాక్యాలు. ఒక్కటి కూడా పుస్తకంలోంచి ఎత్తింది కాదు, అన్నీ నా కడుపులోవి. బైండరు చదివి "ఆశ్చర్యార్థకాలు కేసులో అయిపోయినట్టున్నాయే" అన్నాడు. నిజంగానే అయిపోయాయి. చివరి రెండు వాక్యాలకి చుక్కలే పెట్టాను.

ఏం చెయ్యాలో అందులో రాశాను. మౌనం వద్దు. మౌనం వాళ్ళు కోరుకున్నదే. ఆ రోజు వెనక తొమ్మిది బెంచీలూ లేచి రాగం పాడాలి. రెండోది కాదు, మూడోది కాదు. రాగం. అందరూ ఒకటే. నలభై మంది కార్ఖానా జనం గొంతెత్తి రాగం అందుకుంటే నాలుగు మైకులు ఏం చేస్తాయి? వాళ్ళ క్యాసెట్టు నిండా మనమే ఉంటాం.

నీకు రాగం వచ్చన్నావు. అయితే నేర్పు. షెడ్డులో నేర్పు. ఇంకా ఇరవై రోజులుంది. నువ్వు నేర్పకపోతే కరపత్రాలు నేనే తెచ్చి చర్చి గేటు దగ్గర పంచుతాను, నాన్న చూస్తుండగానే.

మిగతా సగం ఏమిటో కూడా రాయి. దాచుకోవడం ముందు బెంచీల అలవాటు, మనది కాదు.

నీ తమ్ముడు


కార్ఖానా, ఎండబెట్టే షెడ్డు,
గురువారం.

ఒరేయ్,

ముందు నీ కరపత్రాల సంగతి. కట్ట విప్పకుండా బియ్యం డబ్బా వెనక పెట్టాను. నాన్న చూశాడు. నేను లేనప్పుడు ఒకటి లాగి, కళ్ళజోడు పెట్టుకుని, మొత్తం చదివి, మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. మర్నాడు కూడా అదే జేబులో ఉంది.

నువ్వు చెప్పిన పని చేశాను. నీకు భయపడి కాదు. పాస్టరుగారు ఆ తీర్మానం చదివినప్పటి నుంచి నాకూ నిద్రపట్టడం లేదు, అందుకని.

నాలుగు రోజులు, పని దిగాక, పెంకుల వరసల మధ్య ఇరవై మందిని కూర్చోబెట్టి రాగం నేర్పాను. ఏం జరిగిందో విను, విని ఏడు. ఒక్కళ్ళకీ రాలేదు. మొదటి పాదం దాకా అందరూ నా వెంటే వస్తారు. రెండో పాదంలో రాగం పైకి లేస్తుంది చూడు, అక్కడికి రాగానే పిన్ని గొంతు చడీచప్పుడు లేకుండా పక్కకి దిగి రెండో గొంతులో కూర్చుంటుంది. "పిన్నీ, పైకి!" అంటే "పైకే పోతున్నానే!" అంటుంది, దిగి కూర్చునే. లారీ ఎక్కించే పెదనాన్న అయితే చెవులు మూసుకుని పాడాడు. చెవులు మూసుకున్నా కింది గొంతే వచ్చింది. "నా లోపల ఎవడో ఉన్నాడమ్మా, వాడు ఒప్పుకోడు" అన్నాడు. మూడో రోజుకి నేనే తప్పాను. వచ్చిన రాగం కూడా ఎగిరిపోయింది. నవ్వీ నవ్వీ కళ్ళనీళ్ళొచ్చాయి. ఆ నీళ్ళు నవ్వువి కావని కాసేపటికి తెలిసింది. మనుషులకి ఒక పాట రాకుండా చెయ్యడానికి ముప్పై ఏళ్ళు పట్టింది వాళ్ళకి. మేం నాలుగు రోజుల్లో తిరగదోడదామనుకున్నాం.

నాలుగో రోజు షెడ్డు గుమ్మంలో కడ్డీ మాస్టారు నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచో.

"ఎవరమ్మా మీకు ఈ పిచ్చి ఎక్కించింది?"

"మా తమ్ముడు."

"వాడా!" అన్నాడు. లోపలికొచ్చి పెంకుల దొంతర మీద కూర్చున్నాడు. "ముందు బెంచీలవాళ్ళకి రాగం ఎందుకిచ్చానో మీకు తెలుసా? వాళ్ళకి ఇంకేదీ రాదు గనక. పక్కన ఇంకో గొంతు వినబడితే దాని వెంట పడిపోతారు. రాగం ఎవడైనా పాడతాడు. పక్కవాడి పాట చెవిన పడుతుంటే తన పాట తప్పకుండా నిలబడాలంటే చెవుండాలి. పెంకు తట్టి పగులు పట్టే చెవి. అది మీ దగ్గరే ఉంది. మొదటి నెల్లోనే కనిపెట్టాను."

షెడ్డులో అందరి మొహాలూ వెలిగాయి. పిన్ని పమిట సర్దుకుంది. నాన్న నేల వంక చూస్తున్నాడు గానీ మీసం కింద నవ్వు దాగలేదు. నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఈ మాట ఇన్నేళ్ళూ ఎక్కడ దాచారు మాస్టారూ?" అన్నాను.

"దాచడమేమిటమ్మా..."

"మా అమ్మకి చెప్పారా? మా అమ్మ రెండో గొంతు పాడి పాడి, తనది తక్కువ గొంతనుకునే పోయింది. 'మనల్ని పక్కన పాడుకోనిచ్చారు, అదే పదివేలు' అనేది. ఒక్కసారి చెప్పి ఉంటే మీ నోటి ముత్యాలు రాలేవా?"

ఆయన పెంకు మీద దుమ్ము వేలితో తుడుస్తూ, "నా ఇల్లు యజమానిగారి ఆవరణలో ఉందమ్మా" అన్నాడు.

"అయితే ఆ ఆదివారం, మైకులు పెట్టాక, అందరి ముందూ లేచి ఇదే మాట చెప్పండి. రాగం వాళ్ళకెందుకిచ్చారో. మాకు ఇదెందుకిచ్చారో. చెబితే మేం నోరు మూసుకునే కూర్చుంటాం, మనసులోనే పాడుకుంటాం. నాకు క్యాసెట్టు అక్కర్లేదు. ఆ మాట కావాలి."

"చూస్తానమ్మా" అన్నాడు. లేస్తూ పెంకుల దొంతర పడేశాడు. ఏడు పెంకులు పగిలాయి.

చూస్తాడట. మనమూ చూద్దాం.

అక్క


ప్రెస్సు మీద గది,
ఆదివారం.

అక్కా,

ఆ ముసలాడు బెల్లం ముక్క విసిరాడు, మీరంతా చీమల్లా మూగారు. "మీకు చెవి ఉంది." ఎంత తియ్యటి మాట! చెవి ఉన్నవాళ్ళని వెనక కూర్చోబెట్టి, లేనివాళ్ళకి మైకులిస్తాడా? మంచి పనివాణ్ణి మెచ్చుకుని ఇంకో బుట్ట మట్టి నెత్తికెత్తడం కార్ఖానాల్లో ఎప్పుడూ ఉన్నదే. ఆయన చెప్పడు. రాసిపెట్టుకో. ఇల్లు వాళ్ళ ఆవరణలో ఉన్నవాడి నాలుక కూడా ఆ ఆవరణలోనే ఉంటుంది.

నేను రావడం లేదు. వచ్చి, నువ్వు నోరు మూసుకుని కూర్చోవడం చూడలేను. ఆ మాట కోసం అయినా సరే.

నీకొక్కదానికే చెబుతున్నాను, నాన్నకి చదవకు. బైండరు దగ్గర రాగం నేర్చుకున్నాను. రెండు వారాలు పట్టింది. ఒక్కణ్ణే ఉన్నప్పుడు వస్తుంది. వాడు పక్కన చేరి రాగం అందుకున్నాడా, నా గొంతు నా మాట వినకుండా పక్కకి దిగిపోతుంది, పిన్ని గొంతు లాగే. కోపంతో నా మెడ నేనే పిసుక్కున్నాను. అలా దిగినప్పుడల్లా ఎడమ పక్కన ఖాళీగా అనిపిస్తుంది. అక్కడ నువ్వుండాలి. నీకు అటు ఇంకెవరో ఉండేవారు. మోచెయ్యి మాత్రం గుర్తుంది. అమ్మేనా?

త.


ఇంట్లో,
బుధవారం.

తమ్ముడూ,

నువ్వు గెలిచావు. ఆయన చెప్పలేదు.

వరసగా రాస్తాను. ఆదివారం చర్చి నిండిపోయింది. నాలుగు మైకులు కొంగల్లా నిలబడ్డాయి. యజమానమ్మ కొత్త చీర ముడతలు సర్దుకుంటూ మధ్యలో. క్యాసెట్టాయన చెవులకి డిప్పలు పెట్టుకుని వేలెత్తాడు. మాస్టారు లేచాడు. నా వంక చూశాడు. నోరు తెరిచాడు. అప్పుడు యజమాని వంక చూశాడు. తెరిచిన నోట్లోంచి "ఏటి ఒడ్డున, మొదటి చరణం" అన్న మాటలొచ్చాయి.

నేను లేచాను. లేవాలని అనుకోలేదు. కాళ్ళే లేపాయి.

"అయ్యా, ఒక్క మాట. మీకు రాగం ఇచ్చింది మీకు ఇంకేదీ రాదనట. చెవి ఉన్నవాళ్ళు వెనక ఉన్నారట. నేననడం లేదు, మా షెడ్డులో కూర్చుని మాస్టారే అన్నారు. అడగండి."

యజమాని మెల్లిగా తిరిగి, "ఏమిటి మాస్టారూ ఇది?" అన్నాడు.

మాస్టారు చేతిలో కడ్డీ వంక చూసుకున్నాడు. "అమ్మాయి... ఏదో పొరపాటు పడినట్టుంది" అన్నాడు.

ప్రభువుని ఎరగనని బొంకిన శిష్యుడి లాగే. కోడి కూయడం ఒక్కటే తక్కువ.

అప్పుడు లేచింది ఎవరనుకున్నావు? నాన్న. మోకాళ్ళు చిటుక్కుమన్నాయి. ఆ చప్పుడు క్యాసెట్టులో పడే ఉంటుంది. నడవాలోకి వచ్చి, చొక్కా జేబులోంచి నీ కరపత్రం తీసి, పెట్టె పక్కనున్న బల్ల మీద పెట్టి, బయటికి నడిచాడు. పెదనాన్న లేచాడు. పిన్ని లేచింది. తొమ్మిది బెంచీలూ ఖాళీ అయ్యాయి. ఒకళ్ళ చెప్పులు ఒకళ్ళు వేసుకుని ఆవరణలో నిలబడ్డాం.

లోపల వాళ్ళు పాడారు. పాడనీ అని విన్నాం. మొదటి చరణం బాగానే ఉంది. రెండో దానికి కాస్త దిగింది. మూడో చరణానికి పాట మోకాలి లోతు బురదలో దిగబడింది. వాళ్ళకి తెలియనే తెలియదు పాపం. ఇన్నేళ్ళూ కింద ఎవరు పట్టుకున్నారో తెలిస్తే కదా. కిటికీలోంచి క్యాసెట్టాయన గొంతు వినబడింది: "ఆపండి, ఆపండి! ఎక్కడో మొదలెట్టి ఎక్కడో తేలారు." మళ్ళీ పాడారు. మళ్ళీ దిగబడ్డారు. పాస్టరుగారు వచ్చి, "ఒక్క పాటకి లోపలికి రండమ్మా, వెనకే నిలబడి సన్నగా పాడుదురు గాని" అన్నారు. పిన్ని అంది: "గోల పడుతుందేమోనండీ."

తర్వాత మాస్టారు గుమ్మంలోకి వచ్చాడు. కడ్డీ నా వైపు చాపాడు. "ఇది నీ దగ్గరుండనీ అమ్మా. నా చెయ్యి పనికిరావడం లేదు" అన్నాడు. తీసుకోలేదురా. "లోపలికెళ్ళి ఆ మాట చెప్పి రండి, అప్పుడు తీసుకుంటాను" అన్నాను. వెళ్ళలేదు. మా వైపుకీ దిగలేదు. అలాగే గుమ్మం దగ్గర నిలబడిపోయాడు, చెప్పుల మధ్య, నిన్ను నిలబెట్టిన చోటే, ఆరాధన ముగిసేదాకా. జాలిపడదామని చూశాను. రాలేదు.

సోమవారం నాన్నని బట్టీ దగ్గర నుంచి తీసి మట్టి తొక్కే గుంటలో వేశారు. ఇరవై ఆరేళ్ళు మంట చూసిన మనిషిని. సాయంత్రం కాళ్ళు కడుక్కుంటూ, "చల్లగా ఉందిలే" అన్నాడు. నాకు ఆ కార్ఖానా మొత్తం తట్టి తట్టి పగలగొట్టాలనిపించింది.

ఇప్పుడు ఆ మిగతా సగం. మాట దాచిందని మాస్టార్ని అంత నిలదీశాక నేను దాచుకోవడం సిగ్గుగా ఉంది.

నీకు ఎనిమిదేళ్ళప్పుడు నువ్వు రాగంలోకి ఎక్కినట్టు మాస్టారు కనిపెట్టలేదు. నేనే చెప్పాను. వేలెత్తి, "మాస్టారూ, వీడు పైకి పోతున్నాడు" అన్నాను. నిన్ను బయటికి పంపుతాడనుకోలేదు. కిందికి దింపుతాడనుకున్నాను, అంతే.

ఎందుకంటే, ఆ మోచెయ్యి అమ్మదే. మన ఇద్దరికీ అటు నిలబడి, తప్పినప్పుడు మోచేత్తో పొడిచి, రెండో గొంతు నోట్లో పెట్టింది అమ్మే. అమ్మ పోయి రెండేళ్ళయింది అప్పటికి. వేరేవాళ్ళు పాడే రెండో గొంతు వేరు. రెండో పాదం చివర అమ్మ ఒక చిన్న వంపు తిప్పేది. అది నీకూ నాకూ తప్ప ఎవరికీ రాదు. నువ్వు పైకి పోతే నేను ఒక్కదాన్నే మిగులుతాను. పద్నాలుగేళ్ళదాన్ని. భయమేసింది, అమ్మ ఇంకోసారి పోతోందని. నువ్వు పాట పక్కన నడక అన్నావే, అది అమ్మరా.

అలాగని వాళ్ళు చేసింది ఒప్పు కాదు. రెండూ నిజమే. రెండూ ఒకే కడుపులో పెట్టుకుని నేను పద్నాలుగేళ్ళుగా మండుతున్నాను. నీకొక్కడికే కోపం వచ్చనుకోకు.

వచ్చే ఆదివారం నుంచి మేం షెడ్డులోనే పాడుకుంటాం. నిన్న ఒకసారి పాడి చూశాం. మూడు గొంతులే. పైన రాగం లేదు. దారిన పోయేవాళ్ళు నిలబడి, "ఏం పాట ఇది?" అని అడిగారు.

నా మీద ఎంత కోపమొస్తే అంత రాయి.

అక్క


ప్రెస్సు,
శుక్రవారం, అక్షరాల కేసు పక్కనే నిలబడి.

అక్కా,

నువ్వా!

పద్నాలుగేళ్ళు ఆ ముసలాణ్ణి తిట్టుకున్నాను. చెప్పుల మధ్య నిలబడ్డ కాళ్ళు ఇప్పటికీ నొప్పి పుడుతుంటాయి నాకు. వేలెత్తింది నువ్వా! ఆయన్ని తిట్టిన తిట్లలో ఒక్కటి కూడా వెనక్కి తీసుకోను. ఆయనకి అవి తగినవే. నీకు వేరేగా కొత్తవి పేర్చుకుంటున్నాను. ఈసారి ఆశ్చర్యార్థకాలు ఎక్కువ తెప్పించాను.

నాన్నని మట్టిగుంటలో వేశారా? పేర్చిన పేజీ ఒకటి చేతిలోంచి జారి కిందపడింది ఆ ముక్క చదవగానే. అక్షరాలు ఏరుకుంటూ నేల మీద కూర్చుని ఏడ్చాను. బైండరు వచ్చి తనూ కూర్చుని ఏరాడు. వాడికి చెప్పాను, షెడ్డులో రాగం లేదని. "నాకు అదొక్కటే వచ్చు, నేను వస్తాలే" అన్నాడు. వాడి చెవి అంతంత మాత్రం. పక్క గొంతు వింటే జారిపోతాడేమో. నాన్న పక్కన నిలబెడదాం.

శనివారం పొద్దున బస్సుకి ఇద్దరం వస్తున్నాం. నేను రాగం పాడను. నీ ఎడమ పక్కన, అమ్మ నిలబడ్డ చోట నిలబడతాను, ఆ వంపు దగ్గర నువ్వు తప్పితే మోచేత్తో పొడుస్తాను, గట్టిగా. పాడేది నీ మీద కోపం పోయి కాదు, కోపంతోనే.

గుమ్మంలోకి రాగానే బుర్ర తట్టి చూడు. డొక్కుగా పలికినా సరే, లోపలికి రానివ్వాలి.

నీ తమ్ముడు